500 మి.మీ. మిర్రర్ లెన్స్‌తో ఉప్పలపాడు పక్షులను తీయవచ్చా?

చెరువుగట్టు:
నమస్కారం. నా దగ్గర నికాన్ డీ5300 కెమెరా, ఒక పాత 55-200 మి.మీ. లెన్స్ ఉన్నాయి. మాది గుంటూరు కావడంతో ఉప్పలపాడు చెరువుకు తరచుగా వెళ్తుంటాను గాని, 200 దగ్గర తీస్తే చెట్ల మీది ఎర్రకాళ్ల కొంగలు మరీ చిన్నవిగా వస్తున్నాయి. 150-600 జూమ్ కొనే స్తోమత ఇప్పట్లో లేదు. పదివేల లోపు ధరకు 500 మి.మీ. ఎఫ్/8 (వెలుతురు వచ్చే ద్వారం కొలత) మిర్రర్ లెన్స్, అంటే లోపల అద్దాలతో పనిచేసేది, ఒకటి కనిపించింది. చూస్తే చెంబంత ఉంది. ఇంత తక్కువ ధరకు అంత దూరం అందుతుందంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఎక్కడ తేడా వస్తుందో వాడినవారు చెప్పగలరు.

పాతగాజు:
అందులో మోసం లేదండీ. వెలుతురు వెనక ఉన్న పెద్ద అద్దం మీద పడి, ముందు గాజు మధ్యలో ఉన్న చిన్న అద్దానికి తగిలి, మళ్లీ వెనక్కి తిరిగి పెద్ద అద్దం మధ్యలోని రంధ్రం గుండా సెన్సర్‌ను చేరుతుంది. దారి అలా మడతలు పడటం వల్లనే గొట్టం అంత పొట్టిగా ఉంటుంది. 1941లో సోవియట్ శాస్త్రవేత్త మక్సుతోవ్ రూపొందించిన దూరదర్శిని పద్ధతి మీదనే ఎంటీఓ వంటి రష్యన్ మిర్రర్ లెన్సులు వచ్చాయి. అద్దం రంగులను విడదీయదు కాబట్టి, చవక టెలిఫోటోలలో కొమ్మల అంచున కనిపించే ఊదారంగు గీత వీటిలో దాదాపు ఉండదు.

ఇబ్బంది ఆ మధ్యలోని చిన్న అద్దంతోనే. అది అడ్డుగా ఉండటం వల్ల, ఫోకస్‌లో లేని ప్రతి మెరుపూ నడుమ చిల్లుతో గారెలా కనిపిస్తుంది. పక్షి వెనక ఎండకు మెరిసే నీళ్లుంటే ఫొటో నిండా గారెలే. అపర్చర్ (వెలుతురు వచ్చే ద్వారం) మార్చే వీలు లేదు కాబట్టి వాటిని తగ్గించే దారీ లేదు. వెనక నీడ ఉన్నచోటో, ఖాళీ ఆకాశం ఉన్నచోటో చూసుకుని నిలబడటమే మన చేతిలో ఉన్న పని.

వెలుతురు లెక్క కూడా చూసుకోండి. మంచి ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 400 పెడితే ఎఫ్/8 దగ్గర షట్టర్ వేగం 1/1600 సెకను రావాలి. అడ్డు అద్దం తినేసినది పోగా, నేను 1/1000 అనుకునే మొదలుపెడతాను. ఉదయం ఏడింటికి అంతకంటే చాలా తక్కువ వెలుతురు ఉంటుంది కాబట్టి ఐఎస్ఓ 1600 దాటక తప్పదు.

కొంగజపం:
నేను ఇదే రకం లెన్స్ మూడేళ్లుగా వాడుతున్నాను. మొదటి రెండు నెలలు తీసిన ప్రతి ఫొటో మసకగానే వచ్చింది. లెన్సే చెడ్డదని తేల్చేసి, అమ్మేద్దామని పెట్టె కూడా కట్టాను. ఒకరోజు మేడ మీద పిట్టగోడపై కిలో బియ్యం పోసిన గుడ్డసంచి పెట్టి, దాని మీద లెన్స్ ఆనించి, ఎదురింటి నీళ్ల ట్యాంకు మీది అక్షరాలు తీస్తే పెయింటు పెచ్చులు సైతం విడివిడిగా కనిపించాయి. తప్పంతా నా చేతి వణుకుది. చేత్తో పట్టుకుని తీస్తే షట్టర్ వేగం 1/1000 కంటే తగ్గనివ్వకండి.

ఫోకస్ మీరే తిప్పుకోవాలి. మీ కెమెరాలో 20 మీటర్ల దూరాన స్పష్టంగా ఉండే లోతు సుమారు అర మీటరే, 10 మీటర్లకైతే జానెడు కూడా ఉండదు. వ్యూఫైండర్ నల్లగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని నమ్మకండి, వెనక తెరపై పక్షి కంటిని పెద్దది చేసుకుని రింగ్ తిప్పండి. డీ5300 ఈ లెన్స్‌తో వెలుతురు కొలవదు, అన్నీ మాన్యువల్‌లో పెట్టుకోవాలి. కదలకుండా నిలబడ్డ కొంగలైతే చక్కగా వస్తాయి, ఎగిరే వాటి మీద ఆశ వదులుకోండి. పది దాటాక వేడిగాలికి నీళ్ల మీద అంతా అలలాడుతుంది, ఇక ఏ ఫోకసూ కుదరదు.

లెక్కలమాస్టారు:
నా మాట వేరు. అదే డబ్బుకు, లేదా ఇంకాస్త కలిపి, వాడేసిన 70-300 వీఆర్ (చేతి వణుకును తగ్గించే) లెన్స్ ఒకటి వెతకండి. 300తో తీసిన 24 మెగాపిక్సెళ్ల ఫొటోను 500 అంత చూపుకు కత్తిరిస్తే దాదాపు 8.6 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. ఫోన్‌లో చూసుకోవడానికీ చిన్న ప్రింటుకూ అది చాలు, పైగా ఆటోఫోకస్ ఉంటుంది, గారెలు ఉండవు. పక్షులే ముఖ్యమైతే నేను మిర్రర్ లెన్స్ కొనను.

చెరువుగట్టు:
అందరికీ ధన్యవాదాలు. పక్షుల కోసం 70-300 వైపే మనసు మొగ్గుతోంది. అయితే మా అమ్మాయికి చంద్రుణ్ణి దగ్గరగా చూపిస్తానని మాటిచ్చాను. ఆ ఒక్క పనికైనా మిర్రర్ లెన్స్ పనికొస్తుందా?

పాతగాజు:
దానికి మాత్రం బాగా పనికొస్తుంది. 500 మి.మీ. దగ్గర సెన్సర్ మీద చంద్రబింబం నాలుగున్నర మి.మీ. వస్తుంది, అంటే మీ ఫ్రేమ్ ఎత్తులో మూడో వంతుకు కాస్త తక్కువ. వెనక అంతా నలుపే కాబట్టి గారెల బెడద లేదు. లెన్స్‌ను ఏసీ గదిలోంచి తెచ్చి వెంటనే వాడకండి, అరగంట బయట పెట్టి అద్దం బయటి వేడికి సర్దుకోనివ్వండి. పున్నమి రోజు చంద్రుడు చదునుగా కనిపిస్తాడు. అష్టమి నాడైతే వెలుగు నీడల సరిహద్దులో గుంటలు లోతుగా తెలుస్తాయి, అప్పుడు ఐఎస్ఓ 400, 1/250తో మొదలుపెట్టి చూడండి. పాపను పగలు మాత్రం ఆ లెన్స్‌ను సూర్యుడి వైపు తిప్పనివ్వకండి.