అప్‌డేట్: వెనుక తలుపు తెరిచినా మోగని వైర్‌లెస్ అలారం

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో పెట్టించిన వైర్‌లెస్ అలారం, వంటింటి వైపు తలుపు తెరిచినా ఒక్కోసారి ఎందుకు మోగడం లేదని గత నెల అడిగాను. బ్యాటరీ మార్చమని ఎక్కువమంది సలహా ఇచ్చారు. రేడియో జోక్యం, అంటే వేరే పరికరం సంకేతం అడ్డురావడం, కావచ్చునని ఒకరు అన్నారు. ఆయన మాటే నిజమైంది, వారికి నా కృతజ్ఞతలు.

తలుపు తెరిస్తే సంకేతం పంపే మా సెన్సర్లు పనిచేసేది 433.92 మెగాహెర్ట్జ్ రేడియో ఫ్రీక్వెన్సీ మీద. చవక రకం కాలింగ్ బెల్లులు, గేటు రిమోట్లు చాలావరకు వాడేదీ అదే. పై వాటా వారు లోపలి బెల్లు పాడై తీసేసినా, మెట్ల దగ్గరి బటన్‌ను అలాగే వదిలేశారు. విప్పి చూస్తే సముద్రపు గాలికి లోపలి స్ప్రింగు తుప్పు పట్టి, పచ్చని పొర కట్టి ఉంది. ఎవరైనా నొక్కి చేయి తీసినా బటన్ వెంటనే పైకి రావడం లేదు, అంతసేపూ సంకేతం వెలువడుతూనే ఉంది. దాన్ని నొక్కి పట్టుకుని తలుపు పదిసార్లు తెరిస్తే అలారం ఒక్కసారీ మోగలేదు. ఆ బటన్ బ్యాటరీ తీశాక పదిసార్లూ మోగింది.

నన్ను నిజంగా కలవరపెట్టింది వేరే విషయం. మా సెన్సర్ సంకేతం పంపి ఊరుకుంటుంది, అది ప్యానెల్‌కు, అంటే సంకేతం అందుకుని అలారం మోగించే పెట్టెకు, చేరిందో లేదో దానికి తెలియదు. కనుక బటన్ చేసిన పనిని దొంగ కావాలనే చేసినా ప్యానెల్ మౌనంగానే ఉంటుంది. అందుకే రెండు తలుపులకూ వైరుతో కూడిన అయస్కాంత స్విచ్‌లు వేయించాను. కిటికీలకు మాత్రం, జవాబు అందేదాకా మళ్లీ మళ్లీ పంపే, జామింగ్‌ను (సంకేతాన్ని ఇలా అడ్డుకోవడాన్ని) గుర్తించి హెచ్చరించే రెండు వైపుల వైర్‌లెస్ రకం తీసుకుంటున్నాను.