క్యాంపస్ సెక్యూరిటీలో ఉన్నాను, పీఎస్‌పీ రాయాలా పీసీఐ రాయాలా?

గేట్ నంబర్ 3:
అందరికీ నమస్తే. ఆర్మీలో పదిహేడేళ్లు చేసి హవల్దార్‌గా బయటికొచ్చాను. ఐదేళ్లుగా గచ్చిబౌలిలో ఒక ఐటీ క్యాంపస్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. కంట్రోల్ రూమ్, యాక్సెస్ కార్డులు, గేట్ పాసులు అన్నీ నా మీదే, ల్యాప్‌టాప్ పోతే మొదటి రిపోర్ట్ రాసేదీ నేనే. మేనేజర్ పోస్టు పడితే మాత్రం బయటి నుంచి పేరు వెనకాల మూడక్షరాలున్న వాళ్లను తెస్తున్నారు. డిగ్రీ ఉంది. సెక్యూరిటీ వృత్తిలోని వాళ్ల అంతర్జాతీయ సంస్థ ఆసిస్ ఇంటర్నేషనల్ పెట్టే పరీక్షల్లో ఏది రాయమంటారు, పీఎస్‌పీ (గేట్లు, తాళాలు, అలారాల లాంటి భౌతిక భద్రతకు) లేక పీసీఐ (దర్యాప్తుకు)? ఇక్కడ ఒక కోచింగ్ వాళ్లు పాస్ గ్యారంటీ అని అరవై వేలు అడుగుతున్నారు.

కంచె మనిషి:
ఆ అరవై వేలు ఇవ్వకండి అన్నా. పరీక్ష పెట్టేది ఆసిస్, గ్యారంటీ ఇవ్వడానికి వీళ్లెవరు? నాది పీఎస్‌పీ, రెండోసారికి గట్టెక్కాను. 140 ప్రశ్నలు, రెండున్నర గంటలు, అందులో 15కి మార్కులుండవు కానీ అవేవో మనకు తెలీదు. నేను మొదటిసారి ఎక్కడ పోయానంటే, మన డ్యూటీలో దొంగతనం జరగ్గానే ఇంకో కెమెరా పెట్టమని రాసేస్తాం కదా, పరీక్షలో ఆ ఆప్షన్ నోరూరిస్తూ ఎదురుగా కూర్చుంటుంది. వాళ్లు చూసేది ముందు రిస్క్ లెక్కేశావా లేదా అని. తలుపు రెండు నిమిషాల్లో పగులుతుంది, అలారం మోగాక మన గార్డు చేరడానికి నాలుగు నిమిషాలు, అప్పుడు ఆ అలారం ఉన్నా లేనట్టే. ఇలా ఆలోచించడం అలవాటైతే సగం సిలబస్ అయిపోయినట్టే.

పాత ఫైలు:
నేను పీసీఐ చేశాను, అయినా మీకు పీఎస్‌పీనే చెప్తాను. పీసీఐకి కనీసం రెండేళ్లు కేసులు నడిపిన అనుభవం అడుగుతారు. మీరు రిపోర్ట్ రాసి పైకి పంపుతున్నారు, కేసు చివరిదాకా మీ చేతిలో ఉండట్లేదు. ఇంకో మాట, పీసీఐ ఉందని డిటెక్టివ్ లైసెన్స్ వచ్చినట్టు కాదు. 2007లో పార్లమెంటులో పెట్టిన డిటెక్టివ్ ఏజెన్సీల బిల్లు చట్టమే కాలేదు, 2005 చట్టం సెక్యూరిటీ గార్డుల ఏజెన్సీలకు. సర్టిఫికెట్ చూపించి ఎవరి కాల్ డేటానో లాగుదామనుకుంటే లోపలికి పోయేది మనమే (ఇలాంటి పని అడిగే క్లయింట్లు చాలామందే తగులుతారు).

సాక్ష్యం సంగతి మాత్రం ఏ పరీక్ష రాసినా ఇప్పుడే నేర్చుకోండి. మాకు ఒక కేసులో ల్యాప్‌టాప్ బ్యాగుతో మనిషి బయటికెళ్లడం ఫుటేజీలో స్పష్టంగా ఉంది, కానీ డీవీఆర్ (కెమెరా ఫుటేజీ రికార్డయ్యే పెట్టె) గడియారం పదకొండు నిమిషాలు ముందుంది. కాపీ తీసినవాడు అది రాసుకోలేదు. స్వైప్ రికార్డుతో టైమ్ కలవక ఎంక్వైరీలో మా నోళ్లు మూతపడ్డాయి. ఇప్పుడు కోర్టుకెళ్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపించే, దాని వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. ఇది ఆసిస్ పుస్తకాల్లో దొరకదు.

కంచె మనిషి:
మర్చిపోయాను, పాసయ్యాక కూడా మూడేళ్లకు 60 క్రెడిట్లు (శిక్షణ, చదువులకు ఇచ్చే పాయింట్లు) చూపించి రెన్యూ చేసుకోవాలి, ఫీజులన్నీ డాలర్లలోనే. కంపెనీ కడుతుందేమో ముందే అడగండి.

గేట్ నంబర్ 3:
థాంక్స్ అన్నలూ, పీఎస్‌పీకే ఫిక్స్. నైట్ డ్యూటీలోనే ఉన్నా, ఇది చదివి కంట్రోల్ రూమ్‌కెళ్లి డీవీఆర్ చూశాను. ఆరు నిమిషాలు వెనకుంది. లాగ్ బుక్‌లో రాసి సంతకం పెట్టాను.