విదేశీ ఆరోగ్య సాయం ప్రభుత్వ ఖజానాకు పోవాలా, విడి ప్రాజెక్టులకా?

గడియారం_ముల్లు:
హెచ్ఐవీకి ఒక ప్రాజెక్టు, మలేరియాకి ఇంకొకటి. ఎవరి గోదాము వాళ్లది, ఎవరి రిజిస్టర్ వాళ్లది. ఏళ్ల తరబడి ఇలా సాయం అందుకున్న లైబీరియాలో 2014లో ఎబోలా వచ్చేసరికి దేశమంతటికీ ఉన్న డాక్టర్లు సుమారు 50 మంది. డబ్బు నేరుగా ఆరోగ్య శాఖ బడ్జెట్‌లో పడాలి.

మల్లెపందిరి:
పడితే ఏమవుతుందో జాంబియాలో చూశాం కదా. 2009లో అక్కడి ఆరోగ్య శాఖలోనే నిధులు మింగేశారని బయటపడి స్వీడన్, నెదర్లాండ్స్ సాయం ఆపేశాయి.

గడియారం_ముల్లు:
మరి మలావీ మాట ఎత్తరేం? 2004లో మొదలైన కార్యక్రమంలో బ్రిటన్, గ్లోబల్ ఫండ్ (ఎయిడ్స్, టీబీ, మలేరియాల మీద పోరుకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి) డబ్బుతో ప్రభుత్వ వైద్య సిబ్బందికి జీతం మీద 52 శాతం అదనంగా ఇచ్చారు. 2009 నాటికి సిబ్బంది సంఖ్య సగానికి పైగా పెరిగింది.

లెక్కలపంతులు:
ఆ 52 శాతం మీద పన్ను ఉంది. చేతికొచ్చింది 52 కాదు.

గడియారం_ముల్లు:
పన్ను కట్టింది వాళ్ల ప్రభుత్వానికే కదండీ, ఇంకెక్కడికి పోయింది?

లెక్కలపంతులు:
నేనన్నది 52 కాదని. అంతే.

చిలకపచ్చ:
పాప్‌కార్న్ తెచ్చుకున్నాను, కానివ్వండి.

మల్లెపందిరి:
సిబ్బంది సంగతి నాకు చెప్పకండి. సాయం డబ్బు ప్రభుత్వ కార్యాలయం ద్వారా వచ్చే పనిలో చేశాను. సంతకం కోసం ఫైలు నెలల తరబడి కదల్లేదు, మాకు జీతాల్లేవు. ప్రాజెక్టులోకి మారాక ఒక్కసారీ ఆలస్యం కాలేదు.

గడియారం_ముల్లు:
కాదు మరి. నేను పనిచేసిన ప్రభుత్వ ల్యాబ్ నుంచి మంచి టెక్నీషియన్లను రెట్టింపు జీతమిచ్చి ఎత్తుకుపోయింది అలాంటి ప్రాజెక్టే. వాళ్ల పని మా నెత్తిన పడింది. మీ జీతం టైముకొచ్చింది కాబట్టి వ్యవస్థ బాగున్నట్టేనా?

మల్లెపందిరి:
నోరు జారకండి. జీతం కోసం మాట్లాడట్లేదు. 2003లో అమెరికా పెప్ఫార్ అనే హెచ్ఐవీ సాయ కార్యక్రమం మొదలుపెట్టకుండా, ముందు శాఖలు బాగుపడనీ అని కూర్చుని ఉంటే ఎందరు పోయేవాళ్లు? మీ సంస్కరణ పూర్తయ్యేదాకా రోగి బతికుండాలా వద్దా?

గడియారం_ముల్లు:
ఈ మాట మొదటే అనాల్సింది. అంటే మీ గొడవ దొంగతనం గురించి కాదు, రోగి ఎదురుచూడాల్సి రావడం గురించి. సరే, 2025లో ఆ అమెరికానే చెయ్యి వెనక్కి తీసుకుంది. ప్రాజెక్టు జీతాల మీద నడిచిన క్లినిక్కులు మూతపడ్డాయి. అప్పుడు రోగి ఎక్కడికి పోవాలి?

మల్లెపందిరి:
ఖజానాలో వేసినా ఆపేవాడు ఆపుతాడు. స్వీడన్ ఆపలేదా?

గడియారం_ముల్లు:
ఆపినా నర్సు ప్రభుత్వ ఉద్యోగిగానే మిగులుతుంది.

మల్లెపందిరి:
జీతం ఎవరిస్తారు? బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి పెడతామని 2001లో నైజీరియా రాజధాని అబూజాలో ఆఫ్రికా దేశాలు మాటిచ్చాయి. చాలా దేశాలు నిలబెట్టుకోలేదు.

లెక్కలపంతులు:
ఆ 15 శాతంలో విదేశీ సాయం కలుపుతారా, కలపరా?

గడియారం_ముల్లు:
పంతులుగారూ, ఈసారి మాత్రం సరైన చోట పట్టుకున్నారు. కలిపి చూపించే చోట ప్రభుత్వం తన సొంత వాటా తగ్గించినా ఎవరికీ కనపడదు.

మల్లెపందిరి:
చూశారా, అందుకే ఖజానాలో వెయ్యొద్దన్నాను.