పూతరేకుల డబ్బాకి బొద్దు పాతకాలపు సెరిఫ్ ఫాంట్: పక్కన తెలుగు ఏది నిలబడుతుంది?

లంకగాలి:
ఆత్రేయపురం పూతరేకుల డబ్బా మూత డిజైన్ ఇది. మూత 9 × 6 అంగుళాలు, ఆఫ్‌సెట్ ప్రింటింగ్, ముదురు గోధుమరంగు మీద మీగడ రంగు అక్షరాలు. ఇదే డిజైన్ లొల్ల లాకుల దారిలో 8 × 4 అడుగుల ఫ్లెక్స్‌కి కూడా వెళ్తుంది. ఇంగ్లీషు పేరుకి కూపర్ బ్లాక్ లాంటి బొద్దు సెరిఫ్ అనుకుంటున్నాం. దాని పక్కన ఏ తెలుగు ఫాంట్ పెట్టినా అతికించినట్టే ఉంది. సెరిఫ్ ఉన్న తెలుగు ఫాంట్ ఏదైనా ఉందా అండి? లేకపోతే తలకట్టుకి కోరెల్ (డిజైన్ సాఫ్ట్‌వేర్)లో సెరిఫ్‌లు గీసుకోవచ్చా?

తలకట్టు:
గీయకండి. సెరిఫ్ రోమన్ లిపికి చెందినది, నిలువు గీత చివర పాదంలా ఉంటుంది. మన అక్షరాలకి అలా ఆగిపోయే నిలువు గీతలే తక్కువ. తలకట్టు కొసకి పాదం తగిలిస్తే అది దీర్ఘమో, ఏత్వమో అని కన్ను తడబడుతుంది.

జత కుదరాల్సింది సెరిఫ్‌తో కాదు, నలుపుతోనూ (అంటే గీతల లావుతో) మెత్తదనంతోనూ. కూపర్ బ్లాక్‌ని ఆస్వాల్డ్ కూపర్ 1922లో షికాగోలోని బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ ఫౌండ్రీకి గీశాడు. సెరిఫ్‌లు గుండ్రంగా కరిగినట్టుంటాయి, సన్నగీతకీ లావుగీతకీ తేడా తక్కువ, లోపలి బొక్కలు చిన్నవి, ఇంగ్లీషు ‘o’ కడుపు వెనక్కి వాలి ఉంటుంది. 1905 నాటి విండ్సర్ ఫాంటు కూడా ఈ కుటుంబంలాగే కనిపిస్తుంది గానీ, దాని ఎన్, ఎమ్, హెచ్‌ల కుడికాళ్ళు బయటికి చాచుకుంటాయి. మీ డబ్బాకి కూపర్ తరహాయే నయం, ఎందుకంటే తెలుగు గుండ్రదనం దానికి దగ్గర.

తెలుగులో బాలూ తమ్ముడు 2 ఫాంటుని 800 బరువులో (ఫాంటు బరువంటే గీతల లావు) పెట్టి చూడండి. మూలలు మెత్తగా ఉంటాయి, కూపర్ నలుపుకి సరితూగుతుంది. రామభద్ర కూడా బరువైనదే. రెండూ ఉచితం, ఓపెన్ ఫాంట్ లైసెన్సు కాబట్టి సరుకు డబ్బా మీద వేసుకోవచ్చు.

ముందు తెలుగు పేరు పెట్టుకుని, తర్వాత ఇంగ్లీషుని దానికి సరిపెట్టండి. రెండింటినీ ఒకే పాయింటు సైజులో పెడితే కుదరదు. గైడ్ గీతలు పెట్టి, తలకట్టు లేకుండా ‘ర’ గుండు ఎత్తు ఇంగ్లీషు చిన్న అక్షరాల ఎత్తుకంటే కాస్త ఎక్కువ వచ్చేలా చూడండి. ఆ తర్వాత గీత మందం కొలవండి. తెలుగు సన్నగా అనిపించిందని అవుట్‌లైన్ చుట్టి లావు చేస్తే ముందు మూసుకుపోయేవి లోపలి ఖాళీలు. ‘థ’లో చుక్క మాయమైతే అది ‘ధ’ అయిపోతుంది, ‘ధ’ కింది గీటు మాయమైతే ‘ద’ అయిపోతుంది.

కర్వ్స్‌చేశారా:
పైన చెప్పినదంతా సరే. ప్రెస్సులో దెబ్బతినేది ఇంకొకటి ఉంది. మీది ముదురు రంగు మీద వదిలేసిన అక్షరం. ఇంకు లోపలికి పాకి గీతలు సన్నబడతాయి, బొక్కలు మాత్రం పెద్దవవుతాయి. తెల్ల కాగితం మీద నల్ల అక్షరానికి దీనికి సరిగ్గా తిరగబడి జరుగుతుంది. అందుకే బొద్దు మెత్తని సెరిఫ్ ఇక్కడ బతుకుతుంది, లావుగీతల పక్కన మరీ సన్నగీతలుండే ఫ్యాట్‌ఫేస్ తరహా ఫాంటు బతకదు. గోధుమరంగుని నాలుగు రంగుల కలయికగా కాకుండా ఒకే స్పాట్ రంగుగా (ముందే కలిపిన ఒకే ఇంకుగా) ఇస్తే, రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడటం) కాస్త పక్కకి తప్పినా అక్షరం అంచుల్లో రంగు బయటపడదు.

కూపర్ బ్లాక్ మైక్రోసాఫ్ట్ ఆఫీసు ప్యాకేజీతో వస్తుంది. ఉచితంగా కావాలంటే ఫ్రాన్సెస్ ఫాంటు. అది విండ్సర్, సూవెనీర్, కూపర్‌ల స్ఫూర్తితో చేసిన వేరియబుల్ ఫాంట్, అంటే లావు, మెత్తదనం లాంటివి స్లైడర్లతో మార్చుకోవచ్చు. బరువు 900, సాఫ్ట్ 100 పెట్టండి. ఆప్టికల్ సైజుని (అక్షరం సైజుని బట్టి రూపం మార్చే స్లైడర్‌ని) దానికే వదిలేస్తే పెద్ద సైజు అక్షరాలకి 144 దాకా వెళ్ళి సన్నగీతలు మరీ సన్నబడతాయి. చేత్తో 30 దగ్గరికి దించితే కూపర్ మందం వస్తుంది. వాంక్ సున్నాలో పెడితే కాళ్ళు వాలవు. పాత కోరెల్‌లో ఈ స్లైడర్లు రావు, అప్పుడు ఫ్రాన్సెస్ నుంచే పుట్టిన కాప్రాసిమో వాడండి, అది ఒకే బరువు.

డీటీపీ సెంటర్‌కి టెక్స్ట్‌గా పంపకండి. మన దగ్గర చాలామంది అను ఫాంట్లలో పనిచేస్తారు, అవి యూనికోడ్ కావు, మీ పూతరేకులు గజిబిజి గుర్తులైపోతాయి. కోరెల్‌లో కంట్రోల్ + క్యూ కొట్టి కర్వ్స్ చేసి (అక్షరాలని గీసిన ఆకారాలుగా మార్చి) పీడీఎఫ్ ఇవ్వండి. ఇలస్ట్రేటర్ అయితే ముందు సౌత్ ఏషియన్ కంపోజర్ ఆన్‌లో ఉందో చూడండి, లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ధర వేస్తే రూపాయి గుర్తు కూడా సరిచూడండి. ఆ గుర్తు 2010లో వచ్చింది, పాత ఫాంట్లలో ఉండదు, సాఫ్ట్‌వేర్ ఇంకో ఫాంట్ నుంచి సన్నగా తెచ్చి పెడుతుంది.

లంకగాలి:
బాలూ తమ్ముడు కుదిరింది. ‘పూతరేకులు’ బాగుంది, పైన ‘ఆత్రేయపురం’ పెడితే రెండు వరుసలూ గుద్దుకుంటున్నాయి.

తలకట్టు:
‘త్రే’ వల్ల. పైన ఏత్వం, కింద క్రావడి, ఆ వరుసలో అతి లోతైన అక్షరం అదే. ‘పు’లో కొమ్ము కూడా కిందినుంచే లేస్తుంది. ‘వు’లోనూ అంతే, లేకపోతే ‘వు’ని ‘మ’గా చదువుతారు. కింది వరుసలో ‘పూతరేకులు’కి ఒత్తులే లేవు, కాబట్టి దాన్ని పైన పెట్టి ‘ఆత్రేయపురం’ని కిందికి దించండి, గుద్దుకోవడం దాదాపు పోతుంది. పైనే ఉండాలంటే దాన్ని సగం సైజు చేసి, క్రావడి కింద ‘రే’ పడకుండా పక్కకి జరపండి. తెలుగుకి ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఎడం) సున్నా ఉంచండి. ఇంగ్లీషుకి మైనస్ 10 నుంచి 20 చాలు, అన్నీ పెద్ద అక్షరాల్లో మాత్రం వద్దు. కూపర్ అందమంతా చిన్న అక్షరాల్లోనే ఉంది.

‘స్వచ్ఛమైన నెయ్యి’ లాంటి చిన్న వాక్యాలకి ఈ బొద్దు ఫాంటు వాడితే ‘చ్ఛ’ ముద్ద అవుతుంది. వాటికి మండలి అనే ఫాంటు పెట్టండి.

గట్టుమీదబోర్డు:
ఫ్లెక్స్ సంగతి. హాయిగా చదవాలంటే పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం ఉండాలన్నది బోర్డుల లెక్క. బొద్దు ఫాంట్లు వెడల్పు తినేస్తాయి. మీ ఇంగ్లీషు పేరు 12 అక్షరాలైతే 96 అంగుళాల బోర్డులో అంచులు పోగా పెద్ద అక్షరం సుమారు 8 అంగుళాలు దాటదు, అంటే 80 అడుగుల నుంచి. ‘పూతరేకులు’ అయిదే అక్షరాలు, 12 అంగుళాల దాకా లాగొచ్చు. కాబట్టి బోర్డు మీద తెలుగే పెద్దగా రావాలి. ఫ్రేముకి మడతపెట్టడానికి నాలుగువైపులా రెండేసి అంగుళాలు వదలండి. కింద చెట్టునీడ పడే చోటైతే గోధుమరంగుని ఒక మెట్టు లేతగా చేయండి, లేకపోతే సాయంత్రానికి బోర్డంతా నల్లగా కనిపిస్తుంది.