కాన్పు జ్ఞాపకాల గురించి బాలింతలను ఎలా అడగాలి?

నేను ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం బాలింతలతో మాట్లాడుతున్నాను. కాన్పు తర్వాతి కుంగుబాటును గుర్తించడానికి వాడే 1987 నాటి ఎడిన్‌బరో స్కేల్‌లోని 10 ప్రశ్నలు గడిచిన 7 రోజుల్లో మనసు ఎలా ఉందనే అడుగుతాయి, కాన్పు ఎలా గుర్తుందో అడగవు. అందుకే కాన్పు జ్ఞాపకాల గురించే అడిగే, 2014లో వచ్చిన బర్త్‌మార్క్ (BirthMARQ) ప్రశ్నావళిని తెలుగులో రాసుకుంటున్నాను.

చిక్కంతా మాటలతోనే. మొన్న ఒకావిడ పాపకు పాలిస్తూ, "ఆ ఆపరేషన్ థియేటర్ లైటు వద్దన్నా కళ్ళ ముందుకొస్తుందమ్మా" అంటూ కొంగు గట్టిగా పట్టుకుంది. బాగా గుర్తుండటం వేరు, వద్దన్నా గుర్తుకు రావడం వేరు. రెండోదే తల్లిని ఎక్కువ కుంగదీస్తుందని నాకనిపిస్తోంది.

మీ ఇళ్ళలో ఆడవాళ్ళు ఈ తేడాను ఏ మాటల్లో చెబుతారు? "బిడ్డ బాగుందిగా, మరిచిపో" అంటారని నోరు విప్పనివాళ్ళను ఎలా కదపాలి? తల్లులు, నర్సులు, ఆశా కార్యకర్తలు దయచేసి చెప్పండి.