అప్‌డేట్: బెంగళూరు నుంచి వైజాగ్, అమ్మ తొలి విమాన ప్రయాణం

రోడ్డు మీద దాదాపు 1000 కిలోమీటర్లుంటే విమానానికి 800 అని ఎందుకు చూపిస్తోంది, టికెట్ మీద ఉన్న గంటా నలభై నిమిషాలు నిజమేనా అని పోయిన వారం అడిగాను కదా, నిన్న అమ్మను తీసుకుని వచ్చేశాం. మీరు చెప్పినట్టే, 800 అనేది రెండు ఊళ్ల మధ్య నేరుగా గీత గీస్తే వచ్చే దూరం, రోడ్డేమో నెల్లూరు, విజయవాడ మీదుగా చుట్టి వస్తుంది.

టికెట్ మీది టైమ్‌లో విమానం గేటు నుంచి కదిలి రన్‌వే దాకా వెళ్లేదీ, దిగాక మళ్లీ ఆగేదాకా పట్టేదీ కలిసే ఉంటాయి. మేం గాల్లో ఉన్నది గంటా పదిహేను నిమిషాలే! అమ్మ కిటికీ పక్క సీట్లోంచి కళ్లు తిప్పలేదు, సముద్రం కనిపించగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అసలు టెన్షన్ నేల మీదే. బెంగళూరులోని మారతహళ్లి నుంచి దేవనహళ్లిలో ఉన్న ఎయిర్‌పోర్ట్ చేరడానికే రెండు గంటలు పట్టింది. బ్యాగులు ఇచ్చే కౌంటర్ గంట ముందే మూసేస్తారు, కాబట్టి పెద్దవాళ్లతో వెళ్తుంటే ఇంటి నుంచి నాలుగున్నర గంటల ముందే బయల్దేరండి. వీల్‌చెయిర్ కావాలని బుకింగ్‌లోనే పెట్టమన్నవారికి చాలా థ్యాంక్స్ అండీ, అమ్మకు నడక బాధ తప్పింది.