ఎనిమిదో తరగతి అమ్మాయికి ఇన్‌స్టా: మీ ఇంట్లో ఏం చేశారు?

విజయవాడ అమ్మ:
మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి, పదమూడు నిండాయి. "క్లాసులో నాకొక్కదానికే ఇన్‌స్టా లేదమ్మా" అని ఒకటే పోరు. ఆయనేమో పది పరీక్షలయ్యేదాకా మాటెత్తొద్దంటారు. ఈలోపు అది నానమ్మ ఫోన్‌లో రీల్స్ చూస్తూనే ఉంది. ఇచ్చినవాళ్లూ ఇవ్వనివాళ్లూ ఇద్దరూ చెప్పండి. "ఈ కాలం పిల్లలు" ఉపన్యాసాలు మాత్రం వద్దు, వాట్సాప్‌లో కావలసినన్ని వస్తున్నాయి.

వరంగల్ సార్:
అమ్మా, ఇచ్చుడు ఇయ్యకపోవుడు తర్వాత. ముందుగాల ఆమెకు ఇప్పటికే అకౌంట్ లేదని ఖాయం చేసుకోండ్రి. మా బడిల ఆరో తరగతి పిల్లలకు సుత ఉన్నయ్. 13 నిండకుంటే ఇన్‌స్టా రానియ్యదు గదా, పుట్టిన సంవత్సరం 2000 అని కొడ్తరు. గంతే, యాప్ లెక్కల ఆ పిల్ల పాతికేండ్ల మనిషి. పిల్లల కోసమని పెట్టిన కట్టుబాట్లు ఆమెకు తగలయ్.

కూకట్‌పల్లి నాన్న:
సార్ చెప్పిందే అసలు సంగతి. మావాడికి పద్నాలుగు. పక్కన కూర్చుని అసలు పుట్టినరోజుతోనే తెరిపించాను. అలా తెరిస్తే టీన్ అకౌంట్ అవుతుంది, మన దేశంలో 2025లో వచ్చింది. అకౌంట్ దానంతటదే ప్రైవేటుగా ఉంటుంది, ముక్కూ మొహం తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా నోటిఫికేషన్లు మోగవు. రోజుకి గంట దాటితే ఇక చాలంటుంది. అది వట్టి గుర్తు చేయడమే, మావాడు చదవకుండానే తోసేస్తాడు. 16 లోపు వాళ్లు వీటిని సడలించుకోవాలంటే మన అనుమతి కావాలి. సూపర్‌విజన్ (పిల్లల అకౌంట్‌ని తల్లిదండ్రులు గమనించే ఏర్పాటు) పెట్టుకుంటే గత 7 రోజుల్లో ఎవరెవరితో చాట్ చేశాడో నాకు కనిపిస్తుంది, ఏం మాట్లాడుకున్నారో కనిపించదు. నాకది చాలు. ఆ వయసులో నా ఉత్తరాలు మా నాన్న విప్పి చదివుంటే ఊరుకునేవాణ్ణా?

ఇప్పటికే తప్పు తేదీతో ఉంటే ఇన్‌స్టా సెట్టింగుల్లోని అకౌంట్స్ సెంటర్‌లో పర్సనల్ డీటెయిల్స్‌కి వెళ్లి మార్చొచ్చు. 13 నిండనివాళ్ల అసలు తేదీ పెడితే అకౌంటే పోతుంది. పోనివ్వండి.

కర్నూలు నాయన:
సెట్టింగులు సరే అన్నా, రెండో అకౌంట్ సంగతేమి? ఇంట్లోవాళ్లకు చూపించేది ఒకటి, స్నేహితులకొకటి. మా అన్న కొడుకు అట్లే చేసినాడు. నేనైతే పది అయ్యేదాకా ఇచ్చేదే లేదు. రాత్రి ఫోన్లన్నీ హాల్లోనే ఛార్జింగు, నాది కూడా.

రాజమండ్రి పిన్ని:
మా అక్క కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం. ఓ యాప్‌లో అమ్మాయి పేరుతో పరిచయమైనవాడు దీని ఫొటోని మార్ఫింగ్ చేసి డబ్బులడిగాడు. నాకు చెప్పింది గానీ వాళ్లమ్మకి చెప్పలేదు. ఏమే అంటే "అమ్మ ముందు ఫోన్ లాక్కుంటుంది పిన్నీ" అంది. చూశారా, వాడికన్నా ఫోన్ పోతుందన్నదే దాని భయం! అందుకే విజయవాడ అక్కా, అకౌంట్ ఇచ్చినా మానినా పిల్లకి ఓ మాట ముందే ఇచ్చెయ్యండి: ఏం జరిగినా వచ్చి చెప్తే ఫోన్ తీసుకోనని. ఇచ్చాక తప్పకూడదు.

మేం పైసా ఇవ్వలేదు. చెరిపేద్దామని పిల్ల ఎంత ఏడ్చినా చాట్ చెరపలేదు. వాడి నంబరు, ప్రొఫైల్ లింకు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీశాకే బ్లాక్ చేశాం. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టాం. అక్కడ ఆడవాళ్ల, పిల్లల కేసులకి వేరే విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు. 18 లోపు వాళ్ల అసభ్య ఫొటోలు బయటికొస్తాయన్న భయముంటే 'టేక్ ఇట్ డౌన్' అని అమెరికా సంస్థ ఒకటి ఉచితంగా నడిపే సేవ ఉంది. ఫొటో మన ఫోన్ దాటదు, దాన్నిబట్టి తయారైన కోడ్ ఒక్కటే వెళ్తుంది. దాంతో ఇన్‌స్టా, ఫేస్‌బుక్ లాంటివి ఆ ఫొటోని గుర్తుపట్టి తీసేస్తాయి.

మెల్‌బోర్న్ తెలుగు:
ఇక్కడ ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 లోపు పిల్లలకి అకౌంట్లు ఉండకూడదు. ఇన్‌స్టా, స్నాప్‌చాట్, టిక్‌టాక్, యూట్యూబ్ అన్నీ అందులోకే వస్తాయి. జరిమానా కంపెనీలకే, 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా. పిల్లలకీ మనకీ ఏమీ లేదు. వాట్సాప్‌ని వదిలేశారు, మావాళ్ల గొడవలన్నీ అక్కడికే చేరాయి. ఎవరు ఎవర్ని గ్రూపులోంచి తీసేశారన్నదే రోజూ పంచాయితీ. లాగిన్ లేకుండా యూట్యూబ్ చూడనే చూస్తారు. అయినా నాకు మేలే, "అందరికీ ఉంది" అనడం ఆగింది.

వరంగల్ సార్:
మన దగ్గర 2023ల వచ్చిన డేటా చట్టం ప్రకారం 18 నిండనోళ్లంత పిల్లలే, వాళ్ల వివరాలు వాడుకోవాల్నంటే తల్లిదండ్రుల ఒప్పుదల కావాలె. 2025 నవంబర్‌ల నియమాలు వచ్చినయ్ గని, ఈ ఒప్పుదల సంగతికి 18 నెలల గడువిచ్చిండ్రు.

నెల్లూరు అత్త:
ఒక మాటంటాను, తిట్టుకోకండి. పిల్లల్ని ప్రైవేటుగా ఉండమంటాం, ఓణీల ఫంక్షన్ ఆల్బమ్ మొత్తం ఫేస్‌బుక్‌లో ఊరందరికీ కనబడేలా పెట్టేదెవరు? పది ఫలితాల రోజు హాల్ టికెట్ నంబరుతో సహా మార్కుల మెమో స్టేటస్‌లో పెట్టేదెవరు? ఏ బళ్లో చదువుతోంది, పుట్టినరోజెప్పుడు, ఇల్లెక్కడ, అన్నీ మనమే చెప్పేశాం. మా అమ్మాయి ఈ మధ్య "నా ఫొటో పెట్టేముందు నన్నడుగు" అంది. అడుగుతున్నా. సగం వద్దంటుంది.

విజయవాడ అమ్మ:
పిన్ని గారు రాసింది ఆయనకి చదివి వినిపించాను. వేసవి సెలవుల్లో అసలు పుట్టినరోజుతో తెరుద్దాం అనేదాకా దిగొచ్చారు. హాల్లో ఛార్జింగ్ ఆయన ఫోన్‌కి కూడా అంటే మాత్రం పలకట్లేదు. ఇంకొకటి, మరి నానమ్మ ఫోన్ ఏం చెయ్యాలి? లాక్ పెడితే ఆవిడే పిన్ చెప్పేస్తారు.

కర్నూలు నాయన:
ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగుల్లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటాదక్కా, అందులో యాప్ టైమర్ ఉంటాది, రోజుకింతసేపని పెట్టొచ్చు. మా అమ్మ ఫోన్‌లో పెడితే సీరియల్ మధ్యలో యూట్యూబ్ ఆగిపాయెనని నన్నే తిట్టింది. మీ అత్తగారితోనే కూర్చొని మాట్లాడుకోండి.